ముక్కలు మీవే... కూర్పూ మీదే!

మీ ఫోన్లో వీడియోలు ఎన్నున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? పాప మొదటిసారి గొబ్బెమ్మల చుట్టూ తిరిగింది ఒకటి, గృహప్రవేశం నాడు పాలు పొంగింది ఒకటి, అమ్మ మాగాయ ముక్కలు ఎండబెడుతూ మనల్ని కేకలేస్తున్నది ఒకటి. అర నిమిషానివి కొన్ని, పది నిమిషాలవి కొన్ని. తీసేటప్పుడున్న సరదా తీశాక వుండదు. మళ్ళీ చూద్దామంటే ఏది ఎక్కడుందో తెలీదు. ఎవరైనా ఇంటికొస్తే చూపిద్దామని వేలితో పైకీ కిందికీ తోస్తూ కూర్చుంటామా, వచ్చినవాళ్ళు కాఫీ తాగేసి వెళ్ళిపోతారు.

బుట్టనిండా పూలున్నంత మాత్రాన దండ కాదు కదండీ! ఎవరో ఒకరు దారం పట్టుకుని కూర్చోవాలి. ఆ కూర్చునే మనిషి మీరే ఎందుకు కాకూడదూ అని అడగడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను చదివింది ఇంటర్మీడియట్, అదీ బైపీసీ. నాకిప్పుడు నలభై ఏడేళ్ళు. మొన్నమొన్నటిదాకా కంప్యూటరంటే నాకు పిల్లల బల్ల మీద దుమ్ము తుడవాల్సిన వస్తువుల్లో ఒకటి, అంతే. 2024 ఫిబ్రవరిలో మా అత్తయ్యగారికి ఎనభయ్యేళ్ళు నిండాయి. కోనసీమలో మా అత్తగారి వూళ్ళో అందరం కలిసి పండగలా చేద్దామనుకున్నాం. ఆ రోజు టీవీలో వెయ్యడానికి ఆవిడ జీవితం మీద ఓ వీడియో వుంటే బాగుంటుందన్నారు మా వారు. పని మా అమ్మాయికి అప్పజెప్పబోతే అదేమందో తెలుసా?

"లాప్‌టాప్ ఇస్తాను, ఎలా చెయ్యాలో నేర్పుతాను. చెయ్యడం మాత్రం నువ్వే అమ్మా. ఆ మొహాల్లో సగం మంది ఎవరో నాకు తెలీదు" అంది.

ఆలోచిస్తే నిజమే అనిపించింది. మీట ఎక్కడ నొక్కాలో రెండ్రోజుల్లో నేర్చుకోవచ్చు. మేనత్త ఎవరో, పినమామగారు ఎవరో, ఎవరి పక్కన ఎవరు నిలబడితే ఎవరికి సంతోషమో నేర్చుకోవాలంటే పాతికేళ్ళు కాపురం చెయ్యాలి. ఆ చదువు మన దగ్గర వుంది.

ముందు సరుకులు చేర్చుకోండి

వంట మొదలుపెట్టే ముందు సామానంతా ఒకచోట పెట్టుకుంటాం కదా, ఇదీ అంతే. కంప్యూటర్లో ఒక ఫోల్డరు తెరవండి. దాన్లో సంవత్సరానికో చిన్న ఫోల్డరు. '1993 పెళ్ళి', '2018 సంక్రాంతి' అని పేరుకి ముందు సంవత్సరం వేస్తే అవే వరుసలో నిలబడతాయి. ఫోన్లోవి కేబుల్ పెట్టి కాపీ చేసుకోండి. ఫోటోలు కూడా అందులోనే వెయ్యండి.

బంధువుల్ని అడిగితే వాళ్ళు వాట్సాప్‌లో పంపిస్తారు. మామూలుగా పంపితే వీడియో బరువు తగ్గించి పంపుతుంది, పెద్ద టీవీలో వేస్తే మసకగా కనిపిస్తుంది. అందుకని 'డాక్యుమెంటుగా పంపండి' అని చెప్పండి, ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఇంకో సంగతి. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన వీడియో పేరులో వుండేది మనకి అందిన తేదీ, తీసిన తేదీ కాదు. పేరు చూసి వరుస పెడితే 2017 నాటి అన్నప్రాశన 2024లోకి వచ్చి కూర్చుంటుంది. అది ఏ ఏటిదో పిల్లల పళ్ళు చూసి, గోడ రంగు చూసి పోల్చుకునేది మనమే.

పాత వీడియో క్యాసెట్లు అటక మీద వుంటే ఇంక ఆలస్యం చెయ్యకండి. వీసీఆర్లు తయారుచేస్తూ మిగిలిన ఆఖరి కంపెనీ, జపాన్ వాళ్ళ ఫునాయ్, 2016 జూలైతో ఆ పని ఆపేసింది. బాగున్న పాత మిషన్లు ఏటేటా తగ్గిపోతున్నాయి. టేపుకి తేమ తగిలితే బూజు కూడా పడుతుంది. క్యాసెట్‌ని కంప్యూటర్లోకి ఎక్కించిచ్చే స్టూడియోలు ఇంకా కొన్నిచోట్ల వున్నాయి. మా వదినగారి పెళ్ళి క్యాసెట్, 1993 నాటిది, అలాగే ఎక్కించుకున్నాం. మూడు గంటల పెళ్ళి! అందులో నాకు కావలసింది నాలుగు నిమిషాలు.

ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

వీడియోలు కూర్చే సాఫ్ట్‌వేర్లు చాలా వున్నాయి. విండోస్ 11లో క్లిప్‌చాంప్ అని దాంతోపాటే వస్తుంది. ఆపిల్ వాళ్ళవాటిలో ఐమూవీ వుంటుంది. ఒకప్పుడు అందరూ వాడిన మూవీ మేకర్‌ని మైక్రోసాఫ్ట్ 2017 జనవరిలో ఆపేసింది, దానికోసం వెతక్కండి. మా అమ్మాయి నాకు పెట్టిచ్చింది ఓపెన్‌షాట్. అమెరికాలో జోనథన్ థామస్ అనే ఆయన 2008లో మొదలుపెట్టాడట. పూర్తిగా ఉచితం. మనం చేసిన వీడియో మీద వాళ్ళ ముద్ర కూడా పడదు. ఓపెన్‌షాట్ డాట్ ఆర్గ్ అనే వాళ్ళ సొంత చోటునుంచే దించుకోవాలి. నేను చెప్పేవి దాని పద్ధతులు. మిగతావాటిలో బటన్లు అటూ ఇటూ మారతాయేగాని పని ఒకటే.

తెరవగానే మూడు గదులు కనిపిస్తాయి. ఎడమవైపు పైన 'ప్రాజెక్ట్ ఫైల్స్', అంటే మన సరుకుల గది. కుడివైపు పైన బొమ్మ ఆడే చోటు. కింద పొడుగ్గా 'టైమ్‌లైన్', అదే మనం వడ్డించే విస్తరి.

క్లిప్పులు చేర్చడం

ఫోల్డర్లో వున్న వీడియోల్ని మౌస్‌తో పట్టుకుని లాక్కొచ్చి ప్రాజెక్ట్ ఫైల్స్ గదిలో వదిలేస్తే చాలు, వచ్చి చేరతాయి. లేదా 'ఇంపోర్ట్ ఫైల్స్' అన్న బటన్ నొక్కి ఎంచుకోవచ్చు. అక్కణ్ణించి ఒక్కొక్క క్లిప్పునీ కిందికి లాగి టైమ్‌లైన్ మీద పెట్టాలి. టైమ్‌లైన్లో ఎడమనుంచి కుడికి కాలం నడుస్తుంది. ఎడమనున్నది ముందు కనిపిస్తుంది, కుడినున్నది తర్వాత.

ఒక్కొక్కటీ లాగడం విసుగైతే ఇంకో దారుంది. కంట్రోల్ మీట నొక్కిపట్టి కావలసిన క్లిప్పులన్నిటి మీదా ఒక్కొక్క నొక్కు నొక్కండి. తర్వాత రైట్ క్లిక్ చేసి 'యాడ్ టు టైమ్‌లైన్' అనండి. చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో క్లిప్పుల పేర్లు వరుసగా వుంటాయి. పైకీ కిందికీ జరిపే బాణాలుంటాయి. ముందు ఏది, తర్వాత ఏది అన్నది అక్కడే సర్దుకోవచ్చు. ఒకదాన్నుంచి ఒకటి మెల్లగా మారాలా అన్నది కూడా అక్కడే చెప్పెయ్యొచ్చు. సరే అంటే అన్నీ ఒక్కసారే వచ్చి బారుతీరి కూర్చుంటాయి.

టైమ్‌లైన్లో అడ్డంగా అరలుంటాయి. వాటిని ట్రాకులంటారు. కొత్తగా తెరిస్తే అయిదుంటాయి. చాప మీద దుప్పటి పరిస్తే చాప కనబడదు కదా, అలాగే పై ట్రాకులో వున్నది కింది ట్రాకులో వున్నదాన్ని కప్పేస్తుంది. ఇది తెలిస్తే ఎంత సుఖమో చెబుతాను. మా అత్తయ్యగారు తన పెళ్ళి నాటి ముచ్చట చెప్పిన వీడియో వుంది. మొహం మీద నీడపడి సరిగా కనబడదు, గొంతు మాత్రం గంటలా వుంది. ఆ క్లిప్పుని కింది ట్రాకులో వుంచి, దాని పైన ఆవిడ పెళ్ళి ఫోటోలు నాలుగు పరిచాను. మాట ఆవిడది వినిపిస్తుంది, బొమ్మ ఆనాటిది కనిపిస్తుంది. ఫోటో పెడితే మామూలుగా పది సెకన్లుంటుంది. అంతసేపు ఎక్కువనిపిస్తే దాని అంచు పట్టుకుని లోపలికి లాగితే తగ్గుతుంది.

తొక్క తియ్యడం, ముక్క కొయ్యడం

ఏ క్లిప్పునీ మొత్తంగా పెట్టకండి. మొదట్లో ఫోను వూగుతూ నేలను చూపిస్తుంది, చివర్లో "ఆగిందా? ఎక్కడ నొక్కాలే?" అన్న గొంతు వుంటుంది. తొక్క తీసినట్టు ఆ రెండు కొసలూ తియ్యాలి. క్లిప్పు అంచు దగ్గరికి మౌస్ తీసుకెళ్ళి లోపలికి జరిపితే సరిపోతుంది. మధ్యలో కొయ్యాలంటే, ఎక్కడ కొయ్యాలో అక్కడికి ఆడేగీతను తెచ్చిపెట్టండి. క్లిప్పు మీద రైట్ క్లిక్ చేసి 'స్లైస్' అంటే రెండు వైపులూ వుంచాలా, ఎడమది వుంచాలా, కుడిది వుంచాలా అని అడుగుతుంది. ఎలా కావాలంటే అలా.

నాలా భయపడేవాళ్ళ కోసం ఒక మాట. ఇక్కడ ఎంత కోసినా అసలు వీడియోకి ఏమీ కాదు. ఫోల్డర్లో అది నిక్షేపంలా వుంటుంది. ఇక్కడ మనం కోసేది 'ఇక్కణ్ణించి ఇక్కడిదాకా చూపించు' అన్న చీటీని మాత్రమే. గుడ్డ కోస్తే అతకదు గాని ఇది ఎన్నిసార్లు కోసినా అతుకుతుంది. కంట్రోల్, జడ్ కలిపి నొక్కితే చేసింది వెనక్కి పోతుంది.

ముక్క తీశాక రెండు క్లిప్పుల మధ్య ఖాళీ వుంటే అక్కడ తెర నల్లబడుతుంది. ఆ ఖాళీ మీద రైట్ క్లిక్ చేస్తే 'రిమూవ్ గ్యాప్' అని వస్తుంది. అయస్కాంతం బొమ్మ వున్న బటన్ నొక్కి వుంచితే, పక్కపక్కకి తెచ్చిన క్లిప్పులు అయస్కాంతానికి ఇనుపరజను అంటుకున్నట్టు ఒకదాని అంచుకొకటి అంటుకుంటాయి. ఒకే ట్రాకులో రెండు క్లిప్పుల్ని కొద్దిగా ఒకదాని మీదికొకటి జరిపితే, మొదటిది కరిగిపోతూ రెండోది తేలుతుంది. ఇది ముద్దుగా వుంటుంది గాని ప్రతిచోటా వాడితే జాతరలో రంగులరాట్నం ఎక్కినట్టుంటుంది. నేను వాడింది అయిదారు చోట్లే, అదీ ఏళ్ళు మారేచోట.

వరుసలోనే వుంది రుచి

అన్నీ చేర్చాక అసలు పని మొదలవుతుంది. ఏది ముందు, ఏది వెనక?

తేదీల వరుసన పెట్టెయ్యడం తేలిక. కాని విస్తట్లో వడ్డించేటప్పుడు వండిన వరుసన వడ్డించం కదా! పప్పుకీ పులుసుకీ ఒక వరుసుంది. తీపి తర్వాత కారం పడితే ఒక రుచి, కారం తర్వాత తీపి పడితే ఒక రుచి. సుమారు వందేళ్ళ క్రితం రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఇదే సంగతి చూపించాడని మా అమ్మాయి చెప్పింది. ఒక నటుడి మొహం తీసుకున్నాడట. ఆ మొహం పక్కన ఒకసారి సూపు గిన్నె చూపించాడు, ఒకసారి శవపేటికలో పసిపాప, ఒకసారి ఒక అందమైన స్త్రీ. మొహం మూడుసార్లూ అదే. చూసినవాళ్ళకి మాత్రం అతను ఒకసారి ఆకలితో, ఒకసారి దుఃఖంతో, ఒకసారి కోరికతో వున్నట్టు కనిపించాడట. పక్కన ఏముందన్నదాన్ని బట్టి మనిషి మొహమే మారిపోతుంది!

ఇంకో ముచ్చట కూడా చెప్పింది. సినిమాలు పుట్టిన కొత్తలో హాలీవుడ్‌లో ఫిల్ము ముక్కలు కోసి అతికే పని చాలావరకు ఆడవాళ్ళే చేసేవారట. అది కుట్టుపనిలాంటిదని వాళ్ళకి వదిలేశారట. అలా వచ్చిన మార్గరెట్ బూత్ అనే ఆవిడ ఎం.జి.ఎం. స్టూడియోలో ఎడిటర్లందరి మీదా పెద్దగా 1968 దాకా పనిచేసింది. 1978లో ఆమెకు గౌరవ ఆస్కార్ ఇచ్చారు. కుట్టుపని అని తీసిపారేసిన పనికి చూడండి ఎంత విలువో!

నా దగ్గర చేరిన క్లిప్పులు మూడొందల పైచిలుకు. ఒక్క జగ్గన్నతోట ప్రభల తీర్థానివే నలుగురు నాలుగు ఫోన్లలో తీసినవి పాతిక దాకా వున్నాయి. అన్నిటిలోనూ అదే ప్రభ, అదే జనం. ఒకటి వుంచి మిగతావి పక్కన పెట్టాను. నేను పెట్టుకున్న లెక్క ఒకటే. ఈ క్లిప్పులో అత్తయ్యగారికి తెలిసిన మనిషి గాని, ఆవిడ చేతి పని గాని వుందా? వుంటే వుంచు, లేకపోతే తియ్యి. అలా చివరికి నలభై ఒకటి మిగిలాయి, అన్నీ కలిపి ఇరవై రెండు నిమిషాలు. అంతకుమించి వుంటే పిల్లలు లేచి ఆడుకోడానికి పోతారు, పెద్దలు కునుకు తీస్తారు.

ఎవరుండాలి, ఎవరు వద్దు?

ఇప్పటిదాకా చెప్పిందంతా చేతి పని. చేతి పని ఎవరైనా నేర్పుతారు. దీని తర్వాతది ఎవరూ నేర్పరు.

మా బావగారు, అంటే మా వారి పెద్దన్నయ్య, 2020లో పోయారు. యాభై ఆరేళ్ళు. అత్తయ్యగారికి తొలిచూలు బిడ్డ. నేను వీడియో చేస్తున్నానని తెలిసి మా ఆడపడుచు ఫోన్ చేశారు.

"చూడమ్మా, శుభమా అని అమ్మకి పండగ చేస్తున్నాం. అందులో పెద్దన్నయ్యవి పెట్టకు. అమ్మ తట్టుకోలేదు. నలుగురిలో ఏడిస్తే బాగుంటుందా?"

ఆవిడ గొంతు కూడా అప్పటికే వణుకుతోంది. ఆవిడన్నది తప్పని నేననను. తల్లి గురించి కూతురికి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? సరే వదినా, తీసి చూస్తానన్నాను. ఇలాంటప్పుడు 'సేవ్ ప్రాజెక్ట్ యాజ్' అని ఇంకో పేరుతో దాచుకుంటే మంచిది. మొదటిది మొదటిదిగా వుంటుంది, రెండోదాన్ని ఎలాగైనా మార్చుకోవచ్చు. రెండోదాన్లో బావగారున్న ఏడు క్లిప్పులూ తీసి, ఖాళీలు మూసి, మొదట్నించీ వేసి చూశాను.

వీడియో సాఫీగానే నడిచింది. ఎక్కడా అతుకు తెలీదు. కాని ఏదో వెలితి. రెండోసారి చూస్తే అర్థమైంది. మా అక్కయ్య లేదు.

అక్కయ్య అంటే మా పెద్ద తోడికోడలు. ఆ యింట్లో ఏ పండగొచ్చినా తెల్లారుజామున పొయ్యి దగ్గర కూర్చుంటే వంట ముగిసేదాకా లేవని మనిషి. 1993 పెళ్ళినాటికి కొత్త కోడలు. ఆనాటినుంచి ఈనాటిదాకా ఆ యింటి శుభకార్యాలన్నిటిలో చెయ్యి పడిన మనిషి. ఇరవై రెండు నిమిషాల వీడియోలో ఆవిడది ఒక్క చెయ్యి కనిపించింది. నెయ్యి వడ్డించి పక్కకి తప్పుకున్న చెయ్యి. ఇంకోచోట అరిసెలు వొత్తుతున్నప్పుడు "పాకం ముదురుతోంది, త్వరగా కానియ్యండి" అన్న మాట వినిపిస్తుంది. అప్పుడు ఫోన్ పట్టుకుంది ఆవిడే కాబట్టి మనిషి కనబడదు.

ఆవిడ మొహం కనిపించేదల్లా నేను తీసేసిన ఆ ఏడు క్లిప్పుల్లోనే. ఎందుకంటే "ఏమిటా పొయ్యి దగ్గర? ఇలా రా, నువ్వూ వచ్చి నిలబడు" అని పిలిచే మనిషి బావగారొక్కరే. ఆయన పిలిస్తేనే ఆవిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చేది. ఆ పిలుపుని తీసేస్తే ఆ మనిషి కూడా పోయింది.

మీరే చెప్పండి, నేనేం చెయ్యాలి? బావగార్ని వుంచితే అత్తయ్యగారు కంటతడి పెడతారు. తీస్తే, ఇప్పటికీ ఆవిడ పక్కనే వుండి మందులిచ్చి, నీళ్ళు కాచిపోస్తున్న కోడలు ఆ యింటి కథలోనే లేకుండా పోతుంది. అదీ అందరి ముందూ, పెద్ద తెర మీద.

అందుకని లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బస్సెక్కి వూరికి వెళ్ళాను. మధ్యాహ్నం అత్తయ్యగారు నడుం వాల్చాక అక్కయ్యకి రెండూ చూపించాను. తోటకూర వొలుస్తూ చూసింది. బావగారు లేనిది చూస్తున్నప్పుడు కూర వొలుస్తూనే వుంది. ఉన్నది చూస్తున్నప్పుడు చెయ్యి ఆగింది. ఏడవలేదు. కాసేపయ్యాక, "అప్పుడు నేనింత లావుగా వుండేదాన్నా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

"వదిన ఇలా అంటున్నారు అక్కయ్యా, మీరు ఎలా చెబితే అలా చేస్తాను" అన్నాను.

"ఆఖర్న పెట్టకు" అంది. "దండేసిన ఫోటో అసలు పెట్టకు. ఆఖర్న పెడితే అందరూ అక్కడే ఆగిపోతారు. మధ్యలో పెట్టు, సంక్రాంతి సందట్లో. ముందు పిల్లల గోల, వెనక మళ్ళీ పిల్లల గోల. ఆయనెప్పుడూ ఆ గోలలోనే వుండేవారు కదా."

నెల్లాళ్ళుగా టైమ్‌లైన్ ముందు కూర్చుంటున్న నాకు తట్టని సంగతి, ఆ సాఫ్ట్‌వేర్ పేరైనా తెలీని అక్కయ్య కూర వొలుస్తూ చెప్పేసింది. వుంచాలా తియ్యాలా అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. ఎక్కడ వుంచాలన్నది కూడా వుంది.

ఆవిడ చెప్పినట్టే చేశాను. ఏడింట్లో మూడు వుంచాను. 2018 సంక్రాంతిలో బావగారు వాకిట్లో గునపం పాతి కొబ్బరికాయలు వొలుస్తున్నది ఒకటి. అక్కయ్యని పిలిచి పక్కన నిలబెట్టుకున్నది ఒకటి. చెల్లెలి పెళ్ళిలో ఇద్దరూ కాళ్ళకి పసుపు రాసుకుని తిరుగుతున్నది ఒకటి. సంక్రాంతివి రెండూ కలిపి ముప్ఫై ఎనిమిది సెకన్లు. వాటికి ముందు భోగిమంట దగ్గర పిల్లల అరుపులు, వెనక మా చిన్నవాడు దూడ తోక పట్టుకుని పరిగెత్తడం. అక్కడ బొమ్మ కరిగిపోయే హంగులేమీ పెట్టలేదు. మామూలుగా వచ్చి మామూలుగా వెళ్ళిపోతారు, ఆ రోజు ఇంట్లో తిరిగినట్టే.

పండగకి ముందే అది వదినగారికి పంపించాను. నలుగురి మధ్యా హఠాత్తుగా చూడ్డం ఆవిడకీ మంచిది కాదనిపించింది. రాత్రికి ఫోన్ చేసి, "ఇలా మధ్యలో అయితే సరేలే. అక్కడ ఎక్కువసేపు లేదు. వొదినని చూసి ఎన్నాళ్ళయిందే అలా, నవ్వుతూ" అన్నారు.

ఆ రోజు టీవీ ముందు యాభై మంది దాకా కూర్చున్నారు. కొబ్బరికాయలు వొలిచే క్లిప్పు రాగానే గదిలో మాటలు ఆగాయి. అత్తయ్యగారు తెర వంక చూస్తూ, "పీచంతా వాకిట్లోనే పోసేవాడు. ఎన్నిసార్లు చెప్పినా వింటేనా" అన్నారు. పమిట చెంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఈలోగా దూడ వెనక మనవడు పరిగెత్తుకొచ్చాడు. అందరితోపాటు ఆవిడా నవ్వారు. రాత్రి భోజనాలయ్యాక నన్ను పిలిచి, "ఆ టీవీలోది ఇంకోసారి వెయ్యమ్మా, మా ఇద్దరికే" అన్నారు. ఇద్దరికే అంటే ఆవిడకీ అక్కయ్యకీ.

ముగించే ముందు కొన్ని జాగ్రత్తలు

గొంతులన్నీ ఒకే మోతాదులో వుండవు. క్లిప్పు మీద రైట్ క్లిక్ చేసి 'వాల్యూమ్'లోకి వెళ్ళి తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. మాటలున్నచోట పాట పెట్టకండి. పాట మళ్ళీ ఎప్పుడైనా దొరుకుతుంది, ఆ మాట దొరకదు. ఇంట్లో చూసుకోడానికైతే సరేగాని యూట్యూబ్‌లో పెట్టదలిస్తే సినిమా పాటలు వాడకండి, హక్కుల గొడవ వస్తుంది.

ప్రాజెక్టుని సేవ్ చేస్తే అందులో దాగేది మన కూర్పు మాత్రమే, వీడియోలు కావు. ఏ వీడియో ఎక్కడుందో దాని చిరునామా రాసుకుంటుంది. కాబట్టి పని అయ్యేదాకా ఫోల్డరు పేరు మార్చకండి, జరపకండి, ఫైళ్ళు తుడిచెయ్యకండి. అంతా అయ్యాక 'ఎక్స్‌పోర్ట్ వీడియో' అంటేనే టీవీలో ఆడే ఒక్క వీడియోగా తయారవుతుంది. ఎంపీ4గా చేస్తే దాదాపు అన్ని టీవీల్లోనూ ఆడుతుంది. పాత పద్ధతి పెన్‌డ్రైవుల్లో ఒక్కొక్క ఫైలు నాలుగు జీబీ దాటితే ఎక్కదు, అది చూసుకోండి. ఇంకో కాపీ వేరే చోట వుంచండి, వీలైతే వేరే వూళ్ళో బంధువుల ఇంట్లో.

మొదటిసారే ఇరవై నిమిషాలది మొదలుపెట్టకండి. ఒక మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఒక పండగవి ఓ పది క్లిప్పులు తీసుకోండి. కొసలు తియ్యండి. వరుస పెట్టండి. వేసి చూసుకుని, రెండింటిని అటూ ఇటూ మార్చి మళ్ళీ చూడండి. అవే క్లిప్పులు వేరే కథ చెబుతాయి, మీకే తమాషాగా వుంటుంది.

చూసేటప్పుడు ఇంకొక్క పని చెయ్యండి. ఎవరున్నారో చూడటంతోపాటు ఎవరు లేరో కూడా చూడండి. మన ఇళ్ళల్లో వీడియోల్లో కనబడని వాళ్ళు ఇద్దరుంటారు. ఒకరు తీసినవాళ్ళు, ఇంకొకరు వండినవాళ్ళు. చాలాసార్లు ఆ ఇద్దరూ మనమే అవుతాం. ఈసారి పండగకి ఫోను పిల్లల చేతికిచ్చి వంటింట్లోకి పంపండి. మీ తోడికోడల్ని, మీ అత్తగార్ని, పనిలో సాయానికి వచ్చిన అమ్మాయిని కూడా తియ్యమనండి. మీరూ చేతులు తుడుచుకుని వచ్చి నిలబడండి. ఎవరూ పిలవలేదని ఆగకండి.